నాలుగు వందల జాడీల ఆకుకూర: ఫ్యానీ లూ హేమర్ జీవితం

అమెరికా పౌరహక్కుల పోరాటం చదివే విద్యార్థులకు ఫ్యానీ లూ హేమర్ పేరు ముఖ్యంగా రెండు చోట్ల కనిపిస్తుంది. ఒకటి, 1963లో వినోనా జైల్లో పోలీసులు ఆమెను కొట్టించిన ఘటన. రెండోది, 1964లో అట్లాంటిక్ సిటీలో ఆమె ఇచ్చిన వాంగ్మూలం. ఈ రెండూ మరిచిపోకూడనివే. అయితే ఆ తర్వాత ఆమె పదమూడేళ్లు బతికారు. ఆ కాలంలో ఆమె ఆలోచనంతా భూమి, పందులు, కూరగాయల మడుల చుట్టూ తిరిగింది. చలికాలానికి సరిపడా నాలుగు వందల జాడీల ఆకుకూర ఇంట్లో దాచుకున్న కుటుంబాన్ని ఎవరూ తోసిపారేయలేరని, ఏం మాట్లాడాలో ఏం చెయ్యాలో దానికి ఎవరూ చెప్పలేరని ఆమె అనేవారు.

ఓటు హక్కు కోసం ప్రాణం మీదకు తెచ్చుకున్న నాయకురాలు ఆకుకూర జాడీల లెక్క ఎందుకు చెప్పారు? ఆ ప్రశ్నతోనే మేం ఆమె జీవితాన్ని మళ్లీ చదివాం. ముందు ఆ కూరేమిటో, ఆ ప్రాంతపు ఇళ్లలో దాన్ని ఎలా వండుతారో చెబుతాం. అది తెలిస్తే మిగతాది అర్థమవుతుంది.

పొయ్యి మీది ఆకుకూర

అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో నల్లజాతి ఇళ్లలో గ్రీన్స్ అంటే ప్రధానంగా మూడు: కాలర్డ్ ఆకు, టర్నిప్ ఆకు, ఆవ ఆకు. వీటిలో కాలర్డ్‌కి ఉన్న మర్యాద ఎక్కువ. అది క్యాబేజీ జాతిదే, కానీ గడ్డ కట్టదు. చేటంత ఆకులు, దళసరిగా, మధ్యలో గట్టి ఈనెతో ఉంటాయి. కశ్మీరీలు రోజూ తినే హాక్ దీనికి చాలా దగ్గరి ఆకు. చలిని తట్టుకుంటుంది. మంచు పడ్డాక ఆకులో తీపి పెరుగుతుంది. పెరట్లో ఇంకేమీ మిగలని నెలల్లో కూడా ఇది నిలబడి ఉంటుంది. పేదల కూర కావడానికి ఈ గుణం ఒక్కటే చాలు.

వండటానికి తొందర పనికిరాదు. ముందు పొగబెట్టిన పంది కాలి ముక్కనో మెడ ఎముకలనో పెద్ద గిన్నెలో నీళ్లు పోసి గంటసేపు సన్నని మంట మీద ఉడకనిస్తారు. ఈలోగా ఆకుని మూడు నీళ్లలో కడుగుతారు. మడతల్లో ఇసుక దాక్కుంటుంది కాబట్టి నీళ్లు తేటగా వచ్చేదాకా కడగాల్సిందే. ఈనె తీసేసి, ఆకులు ఒకదాని మీద ఒకటి పేర్చి, చాపలా చుట్టి, వేలెడు వెడల్పున తరుగుతారు. తరిగింది చూస్తే గిన్నె చాలదేమో అనిపిస్తుంది. గుప్పెడు గుప్పెడు వేస్తూ పోతే అది కుంగిపోయి, చోటు ఇస్తూ పోతుంది. ఉల్లిపాయ, వెల్లుల్లి, ఎండుమిరప పొడి పడతాయి. ఉప్పు చివర్లోనే, ఎందుకంటే మాంసంలోనే ఉప్పుంటుంది. ఆకు మెత్తబడటానికి ఇంకో ముప్పావు గంట నుంచి గంటన్నర దాకా పడుతుంది. దించే ముందు చెంచాడు వెనిగర్. పంది తినని ఇళ్లలో పొగబెట్టిన టర్కీ కోడి ముక్క వేస్తారు. అదీ లేకపోతే నూనె, ఉల్లిపాయలతోనే కానిస్తారు.

కూర ఎంత ముఖ్యమో గిన్నె అడుగున మిగిలే ఆకుపచ్చని రసం అంత ముఖ్యం. మనం పప్పు కట్టు అన్నట్టు వాళ్లకి దానికొక పేరుంది, పాట్ లిక్కర్. మద్యంతో దానికి ఏ సంబంధమూ లేదు. ఆకులోంచి నీళ్లలోకి దిగిన సారమంతా అందులోనే ఉంటుంది. మొక్కజొన్న రొట్టె తుంచి అందులో ముంచుకు తింటారు, పసిపిల్లలకు గిన్నెలో పోసి తాగిస్తారు. చాలా ఇళ్లలో కొత్త సంవత్సరం రోజున బొబ్బర్లతో పాటు ఈ ఆకుకూర ఉండి తీరాలి. డబ్బు చేతికొస్తుందని నమ్మకం.

ఈ వంటలో చరిత్ర ఉంది. ఆకు యూరప్ వాళ్లతో వచ్చింది. ఆకుల్ని మాంసంతో నెమ్మదిగా ఉడికించి, ఆ రసాన్ని పారబోయకుండా పిండి వంటకంతో తినే అలవాటు పశ్చిమ ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన జనంతో వచ్చింది. వాళ్లకి వారానికి కొలిచి ఇచ్చేది మొక్కజొన్న పిండి, కాస్త ఉప్పు పట్టించిన పంది మాంసం. పంది కోసిన రోజు మంచి ముక్కలు యజమాని ఇంటికి, కాళ్లు, మెడ, పేగులు బానిసల గుడిసెలకి. చాలా తోటల్లో గుడిసె పక్కన చిన్న మడి వేసుకోనిచ్చేవారు. పొద్దంతా యజమాని పొలంలో పనిచేశాక, చీకటిపడ్డాక చూసుకునే ఆ మడిలో ఆకు పెరిగేది. ఆకలి తీర్చుకోవడానికి వాళ్ల చేతిలో వాళ్లదంటూ ఉన్నది అదొక్కటే.

ఉప్పూ నూనే లేని కూర

ఫ్యానీ లూ టౌన్సెండ్ 1917 అక్టోబర్ 6న మిసిసిపి రాష్ట్రంలో పుట్టారు. ఇరవై మంది పిల్లల్లో చివరి బిడ్డ. అమ్మమ్మ బానిసగా బతికిన మనిషి. ఫ్యానీ లూకి రెండేళ్లప్పుడు కుటుంబం సన్‌ఫ్లవర్ కౌంటీకి వచ్చి, ఒక తెల్లవాడి పత్తి తోటలో సగపాలు సేద్యానికి కుదిరింది. భూమి యజమానిది, చెమట వీళ్లది. విత్తనం, ఎరువు, తిండి గింజలు యజమాని దుకాణంలో అప్పు. ఏడాది చివర లెక్క చూస్తే పంటలో సగం యజమాని వాటా, మిగతా సగం అప్పు కిందకి. ఖాతా పుస్తకం రాసేది కూడా యజమానే. మన పాలేరు పద్ధతి, వెట్టి, నాగు వడ్డీ తెలిసిన వాళ్లకి దీన్ని ఇంతకన్నా వివరించక్కర్లేదు.

చిన్నప్పుడే పోలియో సోకి ఒక కాలు కాస్త ఈడుస్తూ నడిచే పిల్ల. ఆరేళ్ల వయసులో రోడ్డు పక్క ఆడుకుంటుంటే తోట యజమాని ఆగి, పత్తి ఏరగలవా అని అడిగాడు. ముప్పై పౌన్లు, అంటే దాదాపు పద్నాలుగు కిలోలు ఏరితే దుకాణంలో మిఠాయిలు, డబ్బా చేపలు ఇప్పిస్తానన్నాడు. ఇంట్లో ఎప్పుడూ చూడని తినుబండారాలు. ఆ పిల్ల ఏరింది. మర్నాటి వారం అరవై పౌన్లు ఏరమన్నాడు. అది వల అని తనకు పెద్దయ్యాక తెలిసిందని హేమర్ చెప్పేవారు. పదమూడేళ్లకే రోజుకి రెండు మూడు వందల పౌన్లు ఏరేవారు. పత్తి పని లేని నాలుగు నెలలే బడి. ఆరో తరగతితో అదీ ఆగిపోయింది.

చలికాలంలో ఇంట్లో తిండి ఎలా దొరికేదో ఆమె ఎన్నో సార్లు గుర్తు చేసుకున్నారు. తల్లి లూ ఎల్లా పత్తి ఏరివేత అయిపోయిన చేలకు వెళ్లి, కాయల్లో మిగిలిపోయిన పత్తి ఏరుకోనివ్వమని యజమానుల్ని అడిగేవారు. పిల్లల్ని వెంటబెట్టుకుని, గడ్డకట్టిన నేల మీద పాదాలకు గుడ్డలు చుట్టుకుని, తోట నుంచి తోటకి మైళ్లకు మైళ్లు నడిచేవారు. అలా ఒక బేలు పోగైతే దాని డబ్బుతో కాస్త తిండి. ఇతరుల ఇళ్లలో పందులు కోసిన రోజున పని చేసిపెట్టి పేగులు, కాళ్లు, తలకాయ తెచ్చుకునేవారు. చాలా రాత్రుల్లో భోజనమంటే ఉప్పూ కొవ్వూ మాంసం ముక్కా ఏదీ పడని ఉడికించిన ఆకుకూర, దాంతో పిండిలో కాస్త కొవ్వు కలిపి కాచిన జావలాంటి పులుసు. పైన చెప్పిన వంటలో పొగబెట్టిన మాంసం మొదట పడుతుంది. వీళ్ల గిన్నెలో పడనిది అదే. హేమర్‌కి ఆకుకూర అంటే పండగ వంట కాకముందు ఆకలి రుచి.

ఒక ఏడాది కుటుంబం తలెత్తుకునేలా కనిపించింది. తండ్రి జిమ్ టౌన్సెండ్ కూడబెట్టిన డబ్బుతో కంచర గాడిదలు, పనిముట్లు కొని, సొంతంగా కౌలుకి చేద్దామనుకున్నారు. ఒక రాత్రి ఎవరో తెల్లవాడు వాటి దాణాలో విషం కలిపాడు. పశువులన్నీ చచ్చిపోయాయి. కుటుంబం మళ్లీ సగపాలుకి దిగింది, ఇక లేవలేదు. తర్వాత తల్లి కంట్లో పని చేస్తుండగా దెబ్బ తగిలింది. వైద్యం లేక చూపు పోయింది. అదే తల్లి, కూతురు చిన్నగా ఉన్నప్పుడు, ఎక్కడి నుంచో నల్లని బొమ్మ ఒకటి కొనిచ్చి, తన రంగుని తాను గౌరవించుకోవాలని నేర్పారు. ఆ రెండూ, విషం కలిపిన దాణా, నల్లని బొమ్మ, హేమర్ మనసులో కలిసే ఉండిపోయాయి. ఆత్మగౌరవం నిలబడాలంటే దాని కింద ఒక నేల ఉండాలని ఆమెకి పుస్తకాలు చెప్పలేదు.

ఓటుకి జవాబుగా ఆకలి

1940ల్లో ఆమె పెర్రీ హేమర్‌ని పెళ్లి చేసుకున్నారు. అందరూ ఆయన్ని పాప్ అని పిలిచేవారు. ఇద్దరూ రూల్విల్ దగ్గర ఒక తోటలో పద్దెనిమిదేళ్లు పనిచేశారు. చదవడం రాయడం వచ్చు కాబట్టి హేమర్ కూలీల పని గంటలు, పత్తి తూకాలు రాసేవారు. యజమాని తూకం రాళ్లలో మోసం చేస్తాడని తెలిసి, అతను పక్కకి వెళ్లగానే తన దగ్గరున్న సరైన రాయి పెట్టి తూచేవారు. 1961లో గర్భసంచిలో చిన్న గడ్డ తీయించుకోవడానికి ఆస్పత్రికి వెళితే, ఆమెకి చెప్పకుండా గర్భసంచే తీసేశారు. మిసిసిపిలో పేద నల్ల స్త్రీలకు అలా చేయడం అప్పట్లో మామూలు. హేమర్ దంపతులు ఇద్దరు ఆడపిల్లల్ని పెంచుకున్నారు.

సన్‌ఫ్లవర్ కౌంటీలో నల్లవాళ్లే ఎక్కువ. ఓటర్ల జాబితాలో మాత్రం అర్హులైన నల్లవాళ్లలో రెండు శాతం కూడా లేరు. 1962 ఆగస్టులో విద్యార్థి సంఘం ఎస్ఎన్‌సీసీ కార్యకర్తలు రూల్విల్ చర్చిలో సభ పెట్టి, నల్లవాళ్లకి కూడా ఓటు హక్కుందని చెప్పారు. అప్పటికి నలభై నాలుగేళ్ల హేమర్ ఆ సంగతి వినడం అదే మొదటిసారి. ఆగస్టు 31న మొత్తం 18 మంది బస్సులో ఇండియనోలా కోర్టుకి వెళ్లారు. రాజ్యాంగంలో ఒక భాగం ఇచ్చి వివరించమన్నారు. నల్లవాళ్లని తప్పించడానికి పెట్టిన పరీక్ష అది. తిరుగు దారిలో బస్సు రంగు మరీ పసుపుగా ఉందని పోలీసులు డ్రైవర్‌కి జరిమానా వేశారు. భయంతో బిగుసుకుపోయిన బస్సులో హేమర్ పాట ఎత్తుకున్నారు.

ఆ రాత్రే తోట యజమాని వచ్చాడు. దరఖాస్తు వెనక్కి తీసుకుంటావా, తోట వదిలిపోతావా అన్నాడు. తాను పేరు రాయించుకోవడానికి వెళ్లింది అతని కోసం కాదని, తన కోసమని చెప్పి ఆమె బయటికి నడిచారు. పద్దెనిమిదేళ్ల కొలువు ఒక సాయంత్రంలో పోయింది. పది రోజులకి ఆమె తలదాచుకున్న ఇంటి మీద పదహారు తూటాలు పేల్చారు. ఆ సమయానికి ఆమె అక్కడ లేరు కాబట్టి బతికారు.

తూటాల కన్నా నిశ్శబ్దంగా పనిచేసే ఆయుధం ఇంకొకటి ఉంది. ఆ చలికాలం పక్కనున్న లెఫ్లోర్ కౌంటీ పాలకులు ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే మిగులు ఆహార పంపిణీ ఆపేశారు. పిండి, బియ్యం, పాలపొడి లాంటివి. దాని మీద ఆధారపడ్డ దాదాపు 22 వేల మందిలో అత్యధికులు నల్ల కూలీలు. పత్తి పని ఉండని నెలలు అవి. ఓటు కోసం కోర్టు మెట్లెక్కుతున్న జనానికి అది జవాబు. ఉత్తరాది నగరాల నుంచి విద్యార్థులు, చర్చిలు, హాస్యనటుడు డిక్ గ్రెగరీ లాంటివాళ్లు తిండి, బట్టలు పంపించారు. రూల్విల్‌లో పంపిణీ హేమర్ చేతిమీదుగా జరిగింది. తిండి కోసం వచ్చినవాళ్లని ఆమె ముందు కోర్టుకి పంపేవారు, ఓటరుగా నమోదుకి ప్రయత్నించి వచ్చాక తీసుకెళ్లమనేవారు. కొందరికి అది కఠినంగా అనిపించింది. ఆమె లెక్క వేరు. తిండి ఆపి ఓటు ఆపాలని అవతలివాళ్లు చూస్తుంటే, అదే తిండితో ఓటు వైపు నడిపించాలని ఆమె చూశారు.

1963 జనవరిలో ఆమె పరీక్ష నెగ్గారు. ఓటు వేయబోతే పోల్ టాక్స్ రసీదులు లేవన్నారు. జూన్ 9న శిక్షణ తరగతుల నుంచి తిరిగొస్తుంటే వినోనాలో అరెస్టు చేశారు. జైల్లో పోలీసులు ఇద్దరు నల్ల ఖైదీల చేత ఆమెను కొట్టించారు. మూత్రపిండం దెబ్బతింది, ఒక కన్ను చూపు తగ్గింది. 1964 ఆగస్టు 22న డెమొక్రటిక్ పార్టీ జాతీయ మహాసభలో, తెల్లవాళ్లతోనే నిండిన మిసిసిపి ప్రతినిధి బృందానికి పోటీగా వచ్చిన ఫ్రీడమ్ డెమొక్రటిక్ పార్టీ తరఫున ఆమె ఇవన్నీ చెప్పారు. టీవీలు ఆమెను వదిలి తనవైపు తిరిగేలా అధ్యక్షుడు జాన్సన్ అప్పటికప్పుడు విలేఖరుల సమావేశం పెట్టారు. ఆ రాత్రి టీవీలు ఆమె మాటల్ని దేశమంతా మళ్లీ చూపించాయి. రెండు సీట్లు ఇస్తామని పార్టీ పెద్దలు బేరమాడితే ఆమె ఒప్పుకోలేదు. 1965లో ఓటు హక్కు చట్టం వచ్చింది.

చట్టం వచ్చాక మొదలైన ఆకలి

చాలా జీవిత చరిత్రలు ఇక్కడ ఊపిరి పీల్చుకుంటాయి. హేమర్‌కి ఆ తీరిక దొరకలేదు. ఓటు చేతికొచ్చిన జనానికి పని పోయింది. పత్తి ఏరే యంత్రాలు, కలుపు చంపే మందులు వచ్చాయి. 1967లో వ్యవసాయ కూలీకి గంటకి డాలరు కనీస వేతనం చట్టమయ్యాక యజమానులు మనుషుల్ని మరింత వేగంగా తీసేశారు. అదే సమయంలో చాలా కౌంటీలు ఉచిత ఆహార పంపిణీ తీసేసి ఫుడ్ స్టాంపులు పెట్టాయి. ఆ స్టాంపులు డబ్బిచ్చి కొనుక్కోవాలి. చేతిలో రూపాయి ఆడని ఇంటికి అవి దూరపు కొండలే. ఇదే కౌంటీలో వేల ఎకరాల తోట ఉన్న సెనేటర్ జేమ్స్ ఈస్ట్‌లాండ్‌కి, భూమిలో కొంత పత్తి వేయకుండా ఉంచినందుకు ప్రభుత్వం ఏడాదికి లక్ష డాలర్లకు పైగా ఇచ్చింది. 1967 ఏప్రిల్‌లో సెనేటర్లు రాబర్ట్ కెనడీ, జోసెఫ్ క్లార్క్ డెల్టాకి వచ్చి, కడుపులు ఉబ్బిన పిల్లల్ని చూసి నిర్ఘాంతపోయారు. ఆ ఏడాదే హేమర్ పెద్ద కూతురు సమయానికి వైద్యం అందక, మెంఫిస్ ఆస్పత్రికి తీసుకెళ్తుంటే దారిలో చనిపోయింది.

ఇప్పుడు ఆకుకూర జాడీల లెక్క అర్థమవుతుంది. ఇల్లు యజమానిది, దుకాణం యజమానిది, పొలం యజమానిది అయినప్పుడు ఓటు ఎన్నికల రోజున ఒక్క పూట స్వేచ్ఛ. మర్నాడు పొయ్యి వెలగాలంటే మళ్లీ అతని గుమ్మం తొక్కాలి. ఒకప్పుడు ఓటరు నమోదుకి వెళ్తే కాల్చేవాళ్లు, ఇప్పుడు వెళ్లి నమోదు చేసుకో, ఆకలితో చావు అంటున్నారని హేమర్ గుర్తించారు.

ఆమె రెండు పనులు మొదలుపెట్టారు. మొదటిది పందుల బ్యాంకు. నల్లజాతి మహిళల జాతీయ మండలి సాయంతో కొన్ని పదుల పందులు కొన్నారు. చూలు పందిని ఒక కుటుంబానికి ఇస్తారు. అది ఈనిన పిల్లలు ఆ ఇంటివి. వాటిలో కొన్ని బ్యాంకుకి తిరిగి ఇవ్వాలి, అవి ఇంకో ఇంటికి వెళ్తాయి. కొన్నేళ్లలో వందల కుటుంబాల పెరట్లోకి మాంసం వచ్చింది. తల్లి పక్కవాళ్ల పంది పేగుల కోసం పనిచేసి తెచ్చుకున్న కూతురు, ప్రతి ఇంటికీ సొంత పంది ఉండాలనుకుంది. ఆకుకూర గిన్నెలో ముందు పడాల్సిన ముక్క ఇంటి పంది నుంచే రావాలనుకుంది.

రెండోది భూమి. 1969లో విస్కాన్సిన్‌లోని ఒక సంఘం, మరికొందరు దాతల సాయంతో సన్‌ఫ్లవర్ కౌంటీలో 40 ఎకరాలు కొని ఫ్రీడమ్ ఫార్మ్ సహకార సంఘం పెట్టారు. గాయకుడు హ్యారీ బెలాఫాంటే వంటి వాళ్లు విరాళాలు కూడగట్టారు. 1971 నాటికి అది దాదాపు 680 ఎకరాలైంది. సభ్యత్వం నెలకి ఒక డాలరు. అదీ కట్టగలిగినవి ముప్పై కుటుంబాలే, అయినా కట్టలేని వందల కుటుంబాలూ అందులో భాగమే. కొంత భూమిలో అప్పు తీర్చడానికి పత్తి, సోయా. మిగతాదాంట్లో తినడానికి ఆకుకూరలు, బీన్స్, బెండ, మొక్కజొన్న, చిలగడదుంప. పనిచేసినవాళ్లు తమ వంతు తీసుకెళ్లేవారు, పనిచేయలేని ముసలివాళ్లకి, రోగులకి పంపేవారు. పేద తెల్ల కుటుంబాలకి కూడా అందులో చోటుంది. సంఘం ఇళ్లు కట్టుకోవడానికి సాయపడింది, కుట్టుపని లాంటి ఉపాధి చూపింది.

జాడీల్లో దాచడమంటే మన ఊరగాయలాంటిది కాదు. ఆకు ఉడికించి, గాజు జాడీల్లో వేడిగా నింపి, మూత బిగించి, జాడీల్ని ప్రెషర్ కుక్కర్‌లో పెట్టి ఆవిరి మీద కాస్తారు. పులుపు లేని కూర కాబట్టి మామూలు మరుగు నీళ్ల వేడి సరిపోదు, విషపు క్రిములు బతికిపోతాయి. సరిగ్గా కాచి మూసిన జాడీ చలికాలమంతా నిలుస్తుంది. ఒక్కో జాడీ లీటరుకి కాస్త తక్కువ. నాలుగు వందల జాడీలంటే ఏడాదంతా రోజుకి ఒకటి తీసినా ఇంకా మిగులు. యజమాని పని మానిపించినా, కౌంటీ రేషన్ ఆపినా ఆ ఇల్లు నిలబడుతుంది. హేమర్ వేసిన లెక్క ఇంత సూటిది. దానికి మడి కావాలి, మడికి నేల కావాలి.

నిలబడని పొలం

ఫ్రీడమ్ ఫార్మ్ నిలబడలేదు. ఈ మాట దాచకూడదు. 1971 ఫిబ్రవరిలో డెల్టా మీద పెద్ద సుడిగాలి విరుచుకుపడి ఆ ప్రాంతాన్ని కుదిపేసింది. ఆ తర్వాతి రెండేళ్లు వరదలు, కరువు. అప్పు తీర్చాల్సిన పంట పోయింది. ఉత్తరాది దాతల ఉత్సాహం తగ్గింది. లెక్కలు చూసి, యంత్రాలు నడిపించే అనుభవమున్న మనుషులు తక్కువ, అవసరంలో ఉన్న మనుషులు ఎక్కువ. సంఘం డబ్బు ఎన్నో సార్లు ఎవరి కరెంటు బిల్లుకో, ఎవరి స్టాంపులకో పోయింది. వ్యాపారంగా చూస్తే అది తప్పు. ఆకలితో ఉన్నవాళ్లకి ఆకలి తెలిసినవాళ్లు కాదనలేరు. హేమర్ ఆరోగ్యం కూడా కుప్పకూలింది. రక్తపోటు, వినోనా దెబ్బలు, రొమ్ము క్యాన్సర్. 1976కల్లా పన్నులూ అప్పులూ తీర్చలేక భూమి చేజారింది.

1977 మార్చి 14న నల్లజాతి పట్టణమైన మౌండ్ బేయూ ఆస్పత్రిలో ఆమె చనిపోయారు. యాభై తొమ్మిదేళ్లు. రూల్విల్‌లో ఆమెను పాతిపెట్టిన నేల ఒకప్పుడు ఫ్రీడమ్ ఫార్మ్ కొన్న నేలే. 2025 జనవరిలో అమెరికా ప్రభుత్వం ఆమెకు మరణానంతరం ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్ ఇచ్చింది. పతకం వచ్చింది, నేల రాలేదు. 1920లో అమెరికాలో నల్లజాతి రైతులు 9 లక్షలకు పైగా ఉండేవారు, ప్రతి ఏడుగురు రైతుల్లో ఒకరు. ఇప్పుడు రెండు శాతం కూడా లేరు. ఖరీదైన హోటళ్లు కాలర్డ్ కూరని దక్షిణాది వారసత్వం పేరుతో వడ్డిస్తున్నాయి. వారసులకి మడి మిగల్లేదు.

మన వాడల్లో ఈ లెక్క

ఈ జీవితాన్ని మేం పరాయి కథగా చదవలేకపోయాం. దళితులు హక్కు అడిగినప్పుడల్లా ఊరు చేతిలోకి తీసుకునే మొదటి ఆయుధం వెలి. పని ఇవ్వరు, కిరాణా కొట్లో సరుకు ఇవ్వరు, నీళ్లు ఆపుతారు. దాని బలం అంబేడ్కర్‌కి బాగా తెలుసు. అందుకే రౌండ్ టేబుల్ సమావేశాల కాలంలోనే సాంఘిక బహిష్కరణని నేరంగా శిక్షించాలని రాతపూర్వకంగా అడిగారు. 1989 అత్యాచారాల నిరోధక చట్టం దళితుల్ని ఓటు వేయనివ్వకపోవడాన్ని నేరంగా చేర్చింది. సాంఘిక, ఆర్థిక బహిష్కరణ ఆ చట్టంలో పేరుతో చేరడానికి 2015 సవరణ దాకా ఆగాల్సి వచ్చింది. చట్టం ఉండాలి, కేసు పెట్టాలి. కేసు తేలేదాకా వాడ ఏం తింటుందన్నదే హేమర్ ప్రశ్న.

ఆ ప్రశ్నకి మన దగ్గర కూడా జవాబు వెతికినవాళ్లున్నారు. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీతో కలిసి పనిచేసిన మహిళా సంఘాల్లో ఎక్కువమంది దళిత స్త్రీలు. వాళ్లు బీడు పడ్డ నేలల్ని సాగులోకి తెచ్చారు, పండిన జొన్నలు పోగుచేసి పేదలకి పంచే సొంత గింజల నిధి నడిపారు, విత్తనాలు ఇంట్లోనే దాచుకున్నారు. ఎవరూ విత్తకుండా చేలో మొలిచే గునుగాకు, దొగ్గలికూర, పొన్నగంటికూర లాంటి వాటి విలువ బయటి ప్రపంచానికి చెప్పారు. కలుపని మందు కొట్టి చంపేవాటినే వాళ్లు కూర అన్నారు. రూల్విల్‌కీ జహీరాబాద్‌కీ ఎవరూ ఉత్తరాలు రాసుకోలేదు. ఆకలి రెండు చోట్లా ఒకే పాఠం చెప్పింది.

హేమర్ ఓడిన చోటు కూడా మనకి పాఠమే. భూమి కొనడం ఒక్కటే చాలలేదు. పంట పోయిన ఏడాది తట్టుకునే నిధి, లెక్కలు రాసే మనుషులు, దాత మొహం తిప్పుకున్నా ఆగని నిర్వహణ కావాలి. సంఘం పెట్టే యువతీ యువకులు ఆమె ప్రసంగాలతో పాటు ఆమె పొలం ఎందుకు పోయిందో కూడా చదవాలని మేం కోరుతున్నాం.

అలాగే ఒక పని చేయమని అడుగుతున్నాం. సెలవులకి ఊరెళ్లినప్పుడు మీ వాడలో లెక్క తీయండి. ఎన్ని ఇళ్లకి కూరమడి వేసుకునేంత సొంత నేలుంది? పట్టా ఉండి స్వాధీనంలో లేని భూమి ఎంత? రేపు ఊరు వెలేస్తే ఎన్ని రోజులకి సరిపడా గింజలున్నాయి, ఎన్ని ఇళ్లలో? ఆ కాగితం మీ సంఘం దగ్గర ఉంచండి. అంబేడ్కర్ జయంతి సభలో పెద్దలు మాట్లాడాక ఆ అంకెలు చదవండి.